ఐదు రోజుల్లో ఢిల్లీ, హరిద్వార్, జైపూర్, ఆగ్రా: ఏది ఉంచాలి, ఏది వదలాలి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. డిసెంబరు చివరి వారం. మీరిద్దరు, మీ అత్తగారు, మామగారు, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీలో దిగి, శనివారం ఉదయం ఢిల్లీ నుంచే విమానం ఎక్కాలి. సోమవారం ఎర్రకోట, జామా మసీదు, ఇండియా గేట్, లోటస్ టెంపుల్, కుతుబ్ మినార్, రాతి యంత్రాలతో ఆకాశాన్ని కొలిచే జంతర్ మంతర్, అక్షర్‌ధామ్. మంగళవారం తెల్లవారకముందే కారులో హరిద్వార్, రిషికేశ్ వెళ్లి రాత్రికి తిరిగి ఢిల్లీ. బుధ, గురువారాలు జైపూర్. శుక్రవారం అక్కడి నుంచి ఫతేపూర్ సిక్రీ మీదుగా ఆగ్రా, తాజ్‌మహల్, ఆగ్రా కోట, మళ్లీ రాత్రికి ఢిల్లీ. మామగారికి మోకాళ్ల నొప్పులు. అత్తగారికి గంగాస్నానం ఎన్నో ఏళ్ల కోరిక. అమ్మాయికి జంతర్ మంతర్ చూడాలని ఉంది. కాస్త వేగంగా తిరిగితే ఇవన్నీ చూడగలమా అని అడిగారు.

చూడలేరు. కుటుంబాలను ఉత్తరాది యాత్రలకు తీసుకెళ్లడం చాలాకాలం నా వృత్తి. ఆ అనుభవంతోనే ఇంత నిక్కచ్చిగా చెబుతున్నాను. వేగం పెంచినా ఈ జాబితా పూర్తి కాదు. పూర్తి చేసి తీరాలని పట్టుబడితే మాత్రం రెండో రోజు సాయంత్రానికే ఇంట్లోవాళ్ల మధ్య మాటలు తగ్గిపోతాయి.

అన్నిటికంటే ముందు సరిచేయాల్సినవి వారాలు. సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ మూడింటికీ సెలవు. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఆ రోజు అక్కడి మసీదులో ప్రార్థనలు ఉంటాయి కాబట్టి పర్యాటకులను లోపలికి పంపరు. అంటే ఈ ప్రణాళిక ప్రకారం మీరు ఢిల్లీలో మూడు మూసిన తలుపులు చూసి, చివరికి ఆగ్రాదాకా వెళ్లి తాజ్ గేటు బయట నిలబడతారు. మీకు ఈ జాబితా రాసిచ్చిన ట్రావెల్ ఏజెంటు క్యాలెండరు పక్కన పెట్టుకుని రాయలేదు. ఎవరు రాసిచ్చినా సరే, డబ్బు కట్టేముందు ప్రతి పేరు పక్కన వారం పేరు, మూసివేసే రోజు మీ చేత్తో రాసి చూసుకోండి. పది నిమిషాల పని.

రెండోది, వెలుతురు. డిసెంబరు చివర్లో ఢిల్లీలో సూర్యోదయం ఏడు దాటాక, సూర్యాస్తమయం ఐదున్నర ప్రాంతంలో. పగలు పది గంటలకు కాస్త పైన, అంతే. అందులోనూ ఉదయం పొగమంచు కమ్మేసిందంటే తొమ్మిది, ఒక్కోసారి పదిదాకా ఎదురుగా ఉన్నది కనిపించదు. చేతిలో నికరంగా మిగిలేది ఏడెనిమిది గంటలు. మీ సోమవారంలో ఏడు పేర్లున్నాయి.

ఒక్కో పేరు వెనుక ఎంత సమయం దాక్కుని ఉంటుందో లెక్క వేయండి. కారు ఆపే చోటు దొరకాలి. అక్కడి నుంచి గేటుదాకా నడవాలి, లేదా బ్యాటరీ బండి కోసం ఆగాలి. టికెట్ల వరుస. తర్వాత భద్రతా తనిఖీ. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరు వరుసలు కాబట్టి, అబ్బాయి నాన్నతో ముందే లోపలికి వెళ్లిపోయి "అమ్మేది?" అని ఏడుపు మొదలుపెడతాడు. మీ బ్యాగులో బిస్కెట్ పొట్లాలు తీయించి పక్కన పెట్టిస్తారు. లోపలికి వెళ్లగానే ఎవరో ఒకరికి మరుగుదొడ్డి కావాలి. అందరూ ఒకచోట చేరి అసలు కట్టడం వైపు తిరిగేసరికి నలభై నిమిషాలు, సెలవుల రద్దీలో గంట. బయటికి రావడానికీ దాదాపు అంతే. ఫోనులో మ్యాప్ చూస్తే ఎర్రకోట నుంచి జామా మసీదు పక్కనే కనిపిస్తుంది. ఆ చిన్న దూరంలో మీ మామగారి మోకాళ్లు ఏమంటాయో మ్యాప్ చూపించదు.

కాబట్టి దూరాన్ని బట్టి కాకుండా, అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి రోజును కొలవండి. మీ విషయంలో అది మామగారు, మధ్యాహ్నం తర్వాత అబ్బాయి. వాళ్లిద్దరికీ సరిపడేది రోజుకు ఒక పెద్ద కట్టడం, ఓపిక మిగిలితే సాయంత్రం కూర్చుని చూసే చోటు మరొకటి. అంతకుమించి ఏది కలిపినా అది చూడడం కాదు, ఎక్కి దిగడం.

ఇప్పుడు కోత ఎక్కడ పెట్టాలో చూద్దాం. ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ చేయించే పని ఒకటుంది. ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, "ఈ యాత్రలో ఒక్కటే చూడగలిగితే ఏది చూస్తావు?" అని అడగండి. అందరి ముందూ అడిగితే పెద్దవాళ్లు "మీ ఇష్టం, మాదేముంది" అంటారు. విడిగా అడిగితే అసలు మాట బయటికి వస్తుంది. మీ ప్రశ్నలోనే రెండు కోరికలు స్పష్టంగా ఉన్నాయి: అత్తగారి గంగాస్నానం, అమ్మాయి జంతర్ మంతర్. తాజ్ ఎలాగూ అందరిదీ. కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్, హవా మహల్, ఫతేపూర్ సిక్రీ ఎవరు అడిగారు? మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు. జాబితాలో ఉన్నాయి కాబట్టి ఉన్నాయి.

నేనైతే జైపూర్‌ను పూర్తిగా తీసేస్తాను. ఈ మాట చెప్పడం నాకు సులువు కాదు, ఎందుకంటే జైపూర్ నాకు చాలా ఇష్టమైన ఊరు. కానీ ఢిల్లీ నుంచి హరిద్వార్ ఈశాన్య దిక్కున 200 కిలోమీటర్లకు పైన, జైపూర్ నైరుతి దిక్కున 270 కిలోమీటర్ల ప్రాంతంలో. ఐదు రోజుల్లో ఈ రెండు కొసలనూ తాకాలంటే సగం యాత్ర కారు సీటులోనే గడిచిపోతుంది. రెంటిలో ఏది అంటే, మీ అమ్మాయి జైపూర్‌కు కాలేజీ రోజుల్లో స్నేహితులతోనైనా వెళ్తుంది. డెబ్బై దాటిన మీ అత్తగారి విషయంలో ఆ మాట అనలేం. ఆమె కోరికను మంగళవారం తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగొచ్చే పరుగులో ఇరికించడం నాకు ససేమిరా నచ్చలేదు. రానూపోనూ పది గంటల ప్రయాణం, నీళ్లలో పది నిమిషాలు, మళ్లీ చీకట్లో పొగమంచులో కారు. అది ప్రమాదకరం కూడా.

అందుకే క్రమం ఇలా మార్చండి. ఆదివారం ఢిల్లీలో దిగాక ఏమీ పెట్టుకోవద్దు. పిల్లలు హుషారుగా ఉంటే సాయంత్రం ఇండియా గేట్ దగ్గర కాసేపు నడవండి, 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం పక్కనే ఉంది. సోమవారం ఉదయం శతాబ్ది రైల్లో హరిద్వార్. దాదాపు ఐదు గంటలు. ఢిల్లీలో సగం చోట్లు మూసి ఉండే రోజున మీరు ఢిల్లీలో ఉండరు, ఆ చిక్కూ తీరిపోతుంది. గంగ హారతి జరిగే హర్ కీ పౌడీ ఘాట్‌కు నడిచి వెళ్లగలిగినంత దగ్గర్లో గది తీసుకోండి. ఇక్కడ మాత్రం డబ్బుకు వెనుకాడవద్దు. ఊరి చివర చవకగా దొరికే హోటలు నుంచి సాయంత్రం హారతి వేళకు ఘాట్ చేరడం పెద్దవాళ్లతో నరకం.

శీతాకాలంలో హారతి సాయంత్రం ఐదున్నర అటూ ఇటుగా మొదలవుతుంది. గంట ముందే వెళ్లి మెట్ల మీద చోటు చూసుకోవాలి. మామగారు చాలాసేపు కింద కూర్చోలేరు కాబట్టి మడత స్టూలు ఒకటి వెంట తీసుకెళ్లండి. స్నానం ఆ రోజు వద్దు, మంగళవారం ఎండ వచ్చాక తొమ్మిది, పది గంటల వేళ చేయించండి. డిసెంబరులో గంగ నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి, ప్రవాహం కూడా బలంగానే ఉంటుంది. ఘాట్ దగ్గర పట్టుకోవడానికి గొలుసులు ఉంటాయి. అత్తగారు గొలుసు పట్టుకుని, మీరు ఆమె రెండో చెయ్యి పట్టుకుని, చివరి మెట్టు కంటే ఒక మెట్టు పైనే ఆగండి. పొడి బట్టలు, మందపాటి శాలువా, ఫ్లాస్కులో వేడి నీళ్లు గట్టు మీద ఒకరి చేతిలో సిద్ధంగా ఉండాలి. తలదాకా మునగాలని ఆమె పట్టుపడితే, గుండె జబ్బు గానీ రక్తపోటు గానీ ఉంటే బయలుదేరే ముందే డాక్టరును అడగండి. చెంబుతో నీళ్లు పోసుకున్నా అది గంగాస్నానమేనని అక్కడి పురోహితులే చెబుతారు, ఆమె ఆ మాట వింటారు.

రిషికేశ్ జోలికి వెళ్లకండి. పాతిక కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, సెలవుల్లో ఆ పాతిక కిలోమీటర్లకు ఎన్ని గంటలు పడతాయో ఎవరూ మాట ఇవ్వలేరు. అక్కడి పాత లక్ష్మణ్ ఝూలా వంతెనను భద్రత దృష్ట్యా ఎప్పుడో మూసేశారు కూడా. మంగళవారం భోజనం చేసి కారులో బయలుదేరితే రాత్రి బాగా పొద్దుపోకముందే ఢిల్లీ చేరతారు.

బుధవారం ఆగ్రా. తెల్లవారుజామున బయలుదేరమని ఎవరు చెప్పినా వినకండి. 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మామూలు రోజుల్లో హాయైన రోడ్డు, పొగమంచు కాలంలో మాత్రం వరుసగా కార్లు గుద్దుకున్న వార్తలు ఏటా వస్తాయి. అందుకే శీతాకాలంలో అక్కడ వేగ పరిమితిని తగ్గిస్తారు. పది గంటలకు, ఎండ పైకి వచ్చాక కదలండి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆగ్రా చేరతారు. అత్తమామలను గదిలో పడుకోనివ్వండి. మీరిద్దరూ పిల్లలను తీసుకుని ఆగ్రా కోటకు వెళ్లి రండి. ఆరుగురూ ప్రతిచోటా కలిసే ఉండాలన్న నియమం ఈ యాత్రకు అవసరం లేదు. కోటలో ఏటవాలు దారి, మెట్లు మామగారికి కష్టం. ఆయన లేనందుకు మీరు అపరాధభావం పెట్టుకోవద్దు, రెండు గంటల నిద్రకు ఆయన మనసులో మీకు ధన్యవాదాలు చెప్పుకుంటారు.

కోటను తాజ్ కంటే ముందు చూడడం వెనుక నాకో ఉద్దేశం ఉంది. 1658లో ఔరంగజేబు తండ్రిని ఈ కోటలోనే నిర్బంధించాడు. షాజహాన్ 1666లో ఇక్కడే చనిపోయాడు. కోటలోని ముసమ్మన్ బుర్జ్ అనే బురుజు వైపు నిలబడితే యమున వంపు అవతల తాజ్ చిన్నగా కనిపిస్తుంది. మీ అమ్మాయిని అక్కడ నిలబెట్టి ఆ ఎనిమిదేళ్ల సంగతి చెప్పండి. మర్నాడు ఆమె తాజ్ గేటులోకి ఏదో పోస్టరు చూసినట్టు కాకుండా, తనకు తెలిసిన మనిషి కట్టించిన చోటుకు వెళ్తున్నట్టు అడుగుపెడుతుంది.

గురువారం తాజ్. సూర్యోదయానికి వెళ్లాలని అందరూ రాస్తారు. మార్చిలోనో అక్టోబరులోనో అయితే నేనూ అదే చెబుతాను. డిసెంబరు చివర్లో ఉదయం ఏడింటికి వెళ్లిన కుటుంబాలు తెల్లటి గోడలాంటి పొగమంచు ముందు నిలబడి గుమ్మటం కోసం వెతుక్కోవడం ఎన్నోసార్లు చూశాను. పదిన్నరకు లోపల ఉండేలా వెళ్లండి. రద్దీ ఎక్కువే, అయినా కట్టడం కనబడుతుంది. టికెట్ భారతీయులకు 50 రూపాయలు, సమాధి ఉన్న ప్రధాన మందిరంలోకి వెళ్లాలంటే మరో 200. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్రవేశించాక మూడు గంటలే గడువు, దాన్ని మనసులో ఉంచుకోండి. పెట్రోలు, డీజిలు వాహనాలను దూరంగానే ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండి. తినుబండారాలు, పెద్ద బ్యాగులు, ట్రైపాడ్, లైటరు, చాకు లోపలికి రానివ్వరు. చిన్న సంచిలో ఫోను, నీళ్ల సీసా, మందులు చాలు.

మామగారిని పాలరాతి వేదిక ఎక్కించాలా అన్నది అక్కడికక్కడ ఆయన్నే అడగండి. వేదిక మీదికి మెట్లు నిటారుగా ఉంటాయి. తోటలో బల్ల మీద కూర్చుని ఎదురుగా తాజ్‌ను గంటసేపు చూడడం తక్కువ దర్శనం ఏమీ కాదు. మిగిలినవాళ్లు పైకి వెళ్లినప్పుడు ఫొటోల తొందర పది నిమిషాలు ఆపి గోడ దగ్గరికి జరగండి. దూరానికి రంగు వేసినట్టు ఉన్న పువ్వు, దగ్గరికి వెళ్తే రాయిలో రాయి పొదిగిన పని. ఒకే రేకులో లేత ఎరుపు నుంచి ముదురు ఎరుపుకు మారే రాతి ముక్కలు, వాటి మధ్య అతుకు గోటికి కూడా తగలనంత సన్నం. ముట్టుకోవద్దని మాత్రం అబ్బాయికి ముందే చెప్పండి. పెద్ద ద్వారం చుట్టూ నల్లరాతితో పొదిగిన ఖురాన్ వాక్యాలను కింది నుంచి పైదాకా చూడమనండి. పై అక్షరాలు కింది వాటికంటే పెద్దవిగా చెక్కారు, కింద నిలబడ్డ మనిషి కంటికి అన్నీ ఒకే పరిమాణంలో కనబడాలని. ఆ లిపిని రాసిన అమానత్ ఖాన్ తన పేరును తాజ్‌లో రాసుకున్నాడు. పిల్లలు ఇలాంటివే గుర్తు పెట్టుకుంటారు. ఇక్కడ మంచి గైడు అవసరం. ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించమని అడిగి మాట్లాడుకోండి, గేటు దగ్గర భుజం పట్టుకుని లాగేవాళ్లను వదిలేయండి.

గురువారం సాయంత్రం ఆగ్రా కంటోన్మెంట్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్. 2016లో మొదలైన ఈ రైలు గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మీ అబ్బాయికి తాజ్ కంటే ఇదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యపోను. ఇది శుక్రవారం నడవదు, గురువారం తప్పితే లేదు. కారు డ్రైవరును ఖాళీగా వెనక్కి పంపడం దండగ అనిపిస్తుంది, కాబట్టి మాట్లాడుకునేటప్పుడే ఢిల్లీ నుంచి ఆగ్రాకు ఒకవైపు ప్రయాణమని, ఆగ్రాలో రెండు రోజులు తిప్పాలని చెప్పండి. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పాలి: పాలరాతి బొమ్మల దుకాణం, తివాచీల దుకాణం దగ్గర ఆపవద్దు. ఆపితే డ్రైవరుకు కమిషన్ ఉంటుంది, మీకు గంటన్నర పోతుంది. ముందే స్పష్టంగా చెబితే చాలామంది డ్రైవర్లు ఒప్పుకుంటారు.

శుక్రవారం ఢిల్లీ, అమ్మాయి రోజు. జైపూర్ జంతర్ మంతర్ తెగిపోయింది కాబట్టి ఢిల్లీలోనిది చూపించండి. రెండూ జైపూర్ రాజు సవాయి జైసింగ్ కట్టించినవే. జైపూర్‌లోని పెద్ద సమ్రాట్ యంత్రం, అంటే నీడ గడియారం, 27 మీటర్ల ఎత్తు, ఢిల్లీలోనిది 20 మీటర్లకు పైగా ఉంటుంది. ఢిల్లీలో కొలత గీతలు చాలావరకు అరిగిపోయాయన్నది నిజం, కానీ నీడ నడక మారదు. పొగమంచు విడిపోయి ఎండ గట్టిపడ్డాక, పదకొండున్నర ప్రాంతంలో వెళ్లండి. ఏటవాలు గోడ నీడ పక్కనున్న వంపు మీద పడుతుంది. ఆ నీడ అంచు దగ్గర ఏదో ఒక గీతనో మరకనో గుర్తు పెట్టుకోమని, కదలకుండా ఐదు నిమిషాలు చూడమనండి. నిమిషానికి దాదాపు ఆరు సెంటీమీటర్లు జరుగుతుంది. భూమి తిరగడాన్ని కంటితో చూడడం అంటే అదే. ఏడు చోట్లు తిరిగే సోమవారంలో ఆ ఐదు నిమిషాలు ఎప్పటికీ దొరికేవి కావు. ఈ మార్పులన్నీ చేయిస్తున్నది ముఖ్యంగా అలాంటి ఐదు నిమిషాల కోసమే.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని మూడింటికి అక్షర్‌ధామ్. ఫోను, కెమెరా, బ్యాగు ఏవీ లోపలికి తీసుకెళ్లనివ్వరు, అన్నీ బయట అప్పగించాలి. ఆరుగురి ఫోన్లనూ హోటల్లోనే వదిలి రెండు మాత్రం తెచ్చుకుంటే వరుసలో సమయం కలిసొస్తుంది. లోపల తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి ముందే అనుకోండి, ఎందుకంటే ఎవరి దగ్గరా ఫోను ఉండదు. గుడిలోకి ప్రవేశం ఉచితం, ప్రదర్శనలకు టికెట్. చీకటి పడ్డాక జరిగే నీళ్ల ప్రదర్శనను పెద్దవాళ్లు కూర్చునే చూడవచ్చు. ఎర్రకోట, కుతుబ్ మినార్ ఈసారికి లేవు. మీ మామగారు ఎర్రకోట తప్పక చూడాలంటే మాత్రం అక్షర్‌ధామ్‌ను తీసేసి దాన్ని పెట్టండి. రెండూ మాత్రం వద్దు.

సామాను సంగతి కూడా చెప్పాలి. చలి అనగానే ఒక్కొక్కరికి మూడేసి స్వెటర్లు సర్దుతారు. లోపల వేసుకునే థర్మల్ దుస్తులు రెండు జతలు, మందపాటి కోటు ఒకటి, చెవులు మూసే టోపీ, మేజోళ్లు ఉంటే సరిపోతుంది. హరిద్వార్‌కు వెళ్లే రోజు పెద్ద పెట్టెలను ఢిల్లీ హోటల్లోనే ఉంచి ఒక రాత్రికి కావలసినవే తీసుకెళ్లండి. తిరిగి అదే హోటలుకు వస్తారు కాబట్టి వాళ్లు అభ్యంతరం చెప్పరు, గది తీసుకునేటప్పుడే అడిగి ఉంచుకోండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. సెలవుల వారం కాబట్టి తెరిచిన రోజే హరిద్వార్ శతాబ్ది, గురువారం గతిమాన్ టికెట్లు తీసేయండి. తర్వాత హరిద్వార్ గది, ఆ తర్వాతే మిగిలినవి. ఏజెంటుకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, జైపూర్ హోటలు రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. శుక్రవారం తాజ్ మూసి ఉంటుందన్న సంగతి ఆ మాటల్లోనే గుర్తు చేయండి, తప్పు వాళ్ల వైపు ఉంది కాబట్టి చాలావరకు సర్దుబాటు చేస్తారు. మామగారి మోకాళ్లకు ఊతకర్ర ఉంటే బాగుంటుందేమో ఇప్పుడే చూసుకోండి. ఆయన వద్దంటారు. అయినా మడిచి పెట్టెలో పెట్టుకునే రకం ఒకటి కొని తీసుకెళ్లండి.